చెంచురామయ్య మాస్టారి ‘ఆస్కెడ్’

మా ఊరి బోర్డు హైస్కూల్లో ఇంగ్లీషు అంటే చెంచురామయ్య మాస్టారే. అల్లూరుకు నాలుగు మైళ్ళు, సముద్రానికి మూడు మైళ్ళు మా ఊరు. ఆయన మాత్రం కోవూరు పక్కవాడు. వరి పండించే ఇంట్లో పుట్టి, పొలం తమ్ముడికి వదిలేసి, బి.ఏ., బి.టి. చదువుకుని పంతులయ్యాడు. మా ఊరికి వచ్చి పదేళ్ళు దాటినా ఎండాకాలం సెలవులకు తప్ప సొంత ఊరు వెళ్ళేవాడు కాదు. తెల్ల పంచె, మెడ దాకా గుండీలు పెట్టిన కోటు, కోటు జేబులో సుద్దముక్కలు. బెత్తం ముట్టుకునేవాడు కాదు. మాట మాత్రం చాలా పదును.

ఇంగ్లీషు విషయంలో ఆయనకో గట్టి నమ్మకం ఉండేది. రాసిన అక్షరం ప్రతి ఒక్కటీ నోట్లోంచి బయటికి రావాలి.

“తెలుగులో ఒక్క అక్షరమన్నా వదిలిపెడతామా? మరి ఇంగ్లీషులో ఎందుకు వదలాల? వాడు ఊరికే రాసినాడా?” అనేవాడు.

అందుకని ఆయన దగ్గర చదివినవాళ్ళమంతా ‘ఆస్క్’కు ‘ఎడ్’ చేరిస్తే ‘ఆస్కెడ్’ అనేవాళ్ళం. ‘హెల్పెడ్’, ‘వాషెడ్’, ‘జంపెడ్’ అనేవాళ్ళం. బడి ‘ఇస్కూల్’, వీధి ‘ఇస్ట్రీట్’. ఆయనకు ఆయన పంతులు అట్లాగే నేర్పాడు, ఆ పంతులుకు ఇంకో పంతులు. నెల్లూరు జిల్లా అంతా అట్లాగే పలుకుతున్నప్పుడు అనుమానం ఎవరికి వస్తుంది?

యాభై ఏడు జూన్‌లో నేను నాలుగో ఫారంలోకి, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలోకి, వచ్చాను. తరగతిలో ఆడపిల్లలం నలుగురమే. బడి తెరిచిన వారానికి అయిదో పిల్ల వచ్చింది. పేరు నాగులమ్మ. మా ఊరికి తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న పట్టపుపాళెం వాళ్ళది. చేపలు పట్టే కుటుంబం. తండ్రి మద్రాసు వెళ్ళి కూలిపనులు చేసుకుంటూ రాయపురంలో కాపురం పెట్టాడు. తల్లి అంకాలమ్మ ఒక ఆంగ్లో ఇండియన్ దొరసాని ఇంట్లో ఆయా. నాగులమ్మ ఆ ఇంటి పిల్లలతో ఆడుకుంటూ, అక్కడే మిషను బడిలో మూడో ఫారం దాకా చదివింది. తండ్రి జ్వరమొచ్చి పోయాక తల్లీ కూతుళ్ళు పాళెం తిరిగొచ్చారు. పాళెం నుంచి హైస్కూలుకు వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. రోజూ ఇసకలో మూడు మైళ్ళు నడిచి వచ్చేది. నా పక్కన కూర్చునేది. తక్కువ మాట్లాడేది. లెక్కల్లో తడబడేది గాని, ఇంగ్లీషు పుస్తకం మాత్రం నేను తెలుగు చదివినంత తేలిగ్గా చదివేది.

ఆగస్టులో ఒక రోజు, మధ్యాహ్నం అన్నాల గంట తర్వాత, మాస్టారు పాఠం చదవమని ఆమెను లేపాడు. రాజు ఒక ముసలి రైతును ప్రశ్నలు అడిగే కథ. నాగులమ్మ చదివింది: “ది కింగ్ ఆస్క్ట్ ది ఓల్డ్ మాన్...”

“ఆగు. ఏమన్నావు?”

“ఆస్క్ట్, సార్.”

“ఎడ్ యాడికి పోయింది?”

“అట్టానే గద సార్ అనేది. మా రాయపురం స్కూల్లో మిస్సమ్మ అట్టానే చెప్పింది.”

ఆమె ‘స్కూల్’ అనడం కూడా మాకు వింతగా వినిపించింది. ముందు ‘ఇ’ లేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

“అంటే నాకు రాదు, నీకొచ్చునంటావు.”

నాగులమ్మ తల దించుకుంది.

“పదిసార్లు చెప్పు. ఆస్కెడ్.”

ఆమె చెప్పబోయింది. నోట్లోంచి ‘ఆస్క్ట్’ అనే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ అదే. పొగరుతో అంటున్నదని ఆయన అనుకున్నాడు. మేమూ అట్లాగే అనుకున్నాం. పక్కన కూర్చున్న నాకు ఆమె పెదవులు ఆ ‘ఎడ్’ కోసం తంటాలు పడడం కనిపించింది. మాకు ఆమె మాట ఎట్లా రాదో, ఆమెకు మా మాట అట్లా రాలేదు. అది నాకు ఏళ్ళ తర్వాత గాని అర్థం కాలేదు.

మాస్టారు తరగతి వైపు తిరిగి, “ముల్లు తియ్యకుండా చేపను మింగే అలవాటు గదా, అక్షరాలు గూడా అట్టానే మింగతా ఉంది” అన్నాడు.

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను.

గంట కొట్టేదాకా ఆమె నిలబడే ఉంది. మర్నాటి నుంచి మగపిల్లలు ఆమెకు ‘ముల్లు’ అని పేరు పెట్టారు. ఆమె వస్తుంటే గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు ‘క్ట్, క్ట్’ అని దగ్గేవాళ్ళు. పది రోజులు వచ్చింది. పదకొండో రోజు రాలేదు. నెల తిరిగాక హాజరు పట్టీలో ఆమె పేరు కొట్టేశారు. ఎందుకు మానేసిందని మాస్టారు అడగలేదు. నేనూ పాళెం వెళ్ళి చూడలేదు. మూడు మైళ్ళే.

నేను ఎస్సెల్సీ ప్యాసై, నెల్లూరులో ట్రైనింగు చేసి, అరవై నాలుగు జూన్‌లో అదే బడికి టీచరుగా వచ్చాను. చెంచురామయ్య గారికి అప్పటికి యాభై ఒకటి. మనిషి మారిపోయి కనిపించాడు. తరగతిలో గొంతు తగ్గింది. ఒక్కో మాట అనబోయి ఆగుతున్నాడు. నేను చేరిన నాలుగో రోజు, టీచర్ల గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“సామ్రాజ్యం, నువ్వు ఫోర్తు ఫారంలో ఉన్నప్పుడు పాళెం నుంచి ఒక పిల్ల వచ్చేది, గుర్తుందా?”

“ఉంది సార్.”

“ఆ పిల్ల పేరేంది?”

చెప్పాను. ఆ పేరు రెండుసార్లు నోట్లోనే అనుకున్నాడు. “పేరు గూడా గుర్తులేదు నాకు. ఆ రోజు నేనన్న మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది” అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, వేసవిలో జరిగిందంతా చెప్పాడు.

మే నెలలో నెల్లూరులో హైస్కూలు ఇంగ్లీషు టీచర్లకు మూడు వారాల శిక్షణ పెట్టారు. మాస్టారు కోవూరు పక్కన తమ్ముడి ఇంట్లో ఉండి, రోజూ బస్సులో పెన్న దాటి వెళ్ళేవాడు. నేర్పడానికి వచ్చినతను విజయభాస్కర్ అని, ముప్పై ఏళ్ళు నిండని మనిషి. ఒక టేపు రికార్డరు తెచ్చాడు. మొదటి రోజు నలభై మంది చేతా ఒకే పేరా చదివించి, గొంతులు పట్టి, వరసగా వినిపించాడు.

“నా గొంతు నేను గుర్తుపట్టలా. ఎవురో ముసలాయన ఆస్కెడ్, హెల్పెడ్ అని కూడబలుక్కుంటా చదవతా ఉండాడు. ఎవురబ్బా అనుకుంటుంటే, పక్కనున్నాయన నా మోచేయి పొడిచినాడు” అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత విజయభాస్కర్ ఇంగ్లండు వాళ్ళు చదివిన రికార్డు పెట్టాడు. అందులో రాజు ‘ఆస్క్ట్’ అన్నాడు. బట్టలు ‘వాష్ట్’. వాళ్ళు వీళ్ళకు ‘హెల్ప్ట్’. ‘వాంటెడ్’ దగ్గర మాత్రమే ‘ఎడ్’ వినిపించింది, ముందు ‘ట్’ ఉంది కాబట్టి. నలభై మందీ గొడవ చేశారు. రాసిన అక్షరాన్ని పలకకపోతే ఎట్లా అన్నారు. విజయభాస్కర్ ఓపిగ్గా విన్నాడు.

“మీరు పొద్దున్నే స్తోత్రం చదువుతారు గదా. ఇస్తోత్రం అంటారా? స్తంభాన్ని ఇస్తంభం అంటారా? మరి స్కూల్ దగ్గరికి వచ్చేసరికి ఆ ‘ఇ’ ఎందుకొచ్చింది?” అని అడిగాడు.

నలభై మందీ ‘స్కూల్’, ‘ఇస్కూల్’ అని నోట్లోనే పలికి చూసుకున్నారట.

మాట మొదట్లో వచ్చే జంట హల్లులు మూడు రోజుల్లో పట్టుబడ్డాయట. బుసకొట్టినట్టు ‘స్’ అని, ఊపిరి తెగకుండా ‘కూల్’ అనాలి. మాట చివర వచ్చేవే చంపాయి. తెలుగు నోరు హల్లు దగ్గర ఆగలేదు, అచ్చు మీద కాలు మోపితే గాని నిలవదు. ‘ఆస్క్ట్’ అనమంటే ఒక్కొక్కరూ ‘ఆస్క్‌టు’ అని చివర తోక తగిలించారు. ‘ట్’ అన్నాక గాలి కూడా బయటికి రానీకుండా నోరు మూసుకోవాలని విజయభాస్కర్ చెప్పాడు. మాస్టారు రోజూ తిరుగుదారిలో పెన్న వంతెన ముందే బస్సు దిగి, దాని మీద నడుస్తూ ఒక్కో మాటా సాధన చేసేవాడట. ఎదురొచ్చే బండ్లవాళ్ళు ఈయనకేమైందని చూసేవాళ్ళట. ఒక సాయంకాలం ‘ఆస్క్ట్’ తోక లేకుండా వచ్చింది. సంతోషపడాల్సింది పోయి ఆయన వంతెన మధ్యలో ఆగిపోయాడు. ఆ మాట అంతకుముందు తన తరగతిలోనే, సరిగ్గా అట్లాగే విన్నానని గుర్తొచ్చింది.

మర్నాడు విజయభాస్కర్‌ను పక్కకు పిలిచి అడిగాడు. “మనం అనేది తప్పా, లేకుంటే మన యాసా?”

“యాసే అనుకోండి సార్. దొరలకు మన ‘ళ’ రాదు, దానికి మనం వాళ్ళను బెంచీ ఎక్కించం గదా. మన నోటికి వచ్చినట్టు మనం పలకొచ్చు. కాని సరిగ్గా పలికినవాళ్ళను తప్పంటే, అది మాత్రం తప్పే.”

ఈ మాట నాతో చెప్పి మాస్టారు కుర్చీలోంచి లేచాడు. “ఆదివారం పాళెం పోతన్నా. నువ్వూ వస్తావా?” అని అడిగాడు.

వెళ్ళాం. సరుగుడు తోట దాటాక ఇసకలో ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాడు. నాగులమ్మ ఇల్లు ఎవరో చూపించారు. వాకిట్లో తాటాకు చాపల మీద నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబోసి ఉన్నాయి. అంకాలమ్మ కాకుల్ని తోలుతూ కూర్చుంది. కోటు వేసుకున్న మనిషిని చూసి లేచి నిలబడింది.

“ఎవురయ్యా మీరు?”

“హైస్కూలు అయ్యవారినమ్మా. నాగులమ్మను చూసి పోదామని వచ్చినాం.”

అంకాలమ్మ ముఖం మారింది. “ఏడేళ్ళకు దారి తెలిసిందా సామీ?” అంది.

నాగులమ్మ లోపలి నుంచి వచ్చింది. చంకలో రెండేళ్ళ ఆడపిల్ల. అప్పటికి ఆమెకు నరసయ్యతో పెళ్ళయి నాలుగేళ్ళు. అతను తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళాడు. ఆమె ప్రతి గురువారం ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మా ఊరి సంతకు వస్తుందని అప్పుడే తెలిసింది. ఎన్నిసార్లు ఆమె పక్క నుంచి నడిచి వెళ్ళానో నాకు తెలియదు.

మాస్టారు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. “అమ్మా, ఆ రోజు నువ్వు చదివిందే సరి. నేను చెప్పింది తప్పు. తెలియక చెప్పినా. కాని చేప ముల్లు అని అన్నది మాత్రం తెలియక కాదు. తెలిసే అన్నా.”

నాగులమ్మ బిడ్డను కింద దించింది.

“మీరు ఆ మాట అన్నారని నేను బడి మానలేదు సార్” అంది. “రెండు రోజులు ఇంట్లో ఉండి పోదామనుకున్నా. ఎవురన్నా వచ్చి అడగతారేమో అని చూసినా. మీరన్నా రావచ్చు, ఈ సామ్రాజ్యమన్నా రావచ్చు. దసరా దాకా చూసినా. ఎవురూ రాలా. ఇంకేం పోయేది?”

అంకాలమ్మ చాపల మీద వాలిన కాకిని తోలింది.

“నేనేం చెయ్యాలో చెప్పమ్మా” అన్నాడు మాస్టారు.

“ఇక్కడ నా వాకిట్లో చెబితే ఏం లాభం సార్? ఇక్కడ ఎవురున్నారు, మా అమ్మ తప్ప? మీరు అన్నది నలుగురిలో. చెప్పేది గూడా నలుగురిలోనే చెప్పాల.”

“చెబతా. నువ్వు వస్తావా?”

“గురువారం సంతకు వస్తా. అమ్ముడుపోయినాక వస్తా.”

హెడ్మాస్టరు పద్మనాభయ్య గారికి ఇది నచ్చలేదు. మంచివాడే గాని, బడి మర్యాద అంటే ప్రాణం. “పంతులు తరగతిలో తప్పు ఒప్పుకుంటే రేపు పిల్లలు మన మాట వింటారా? కావాలంటే ఒక ఉత్తరం రాసి పంపండి” అన్నాడు.

“ఉత్తరం రాసేదానికి నేను ఉత్తరంలో తిట్టలేదండి” అన్నాడు చెంచురామయ్య గారు. హెడ్మాస్టరు అడ్డు చెప్పలేదు గాని, ఆమె వచ్చిన రోజు తన గదిలోంచి బయటికి రాలేదు.

గురువారం మూడు గంటలకు నాగులమ్మ వచ్చింది. ఖాళీ గంప వసారాలో పెట్టి, చేతులు కడుక్కుని, నాలుగో ఫారం గుమ్మం దగ్గర నిలబడింది. గదిలో చేపల వాసన తగిలి ఇద్దరు ముగ్గురు పిల్లలు ముక్కు మూసుకోబోయారు. మాస్టారు వాళ్ళ వైపు చూశాడు. చేతులు దిగిపోయాయి. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆయన ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఏడేళ్ళ కిందట ఈ గదిలో ఈమె చదివిన మాటేమిటో, తను ఏమన్నాడో, తరగతి ఎట్లా నవ్విందో ఉన్నదున్నట్టు చెప్పాడు. చేప ముల్లు మాట కూడా వదలకుండా చెప్పాడు. “ఆ మాట నేనే అన్నా. అది తప్పు. పాఠం చెప్పడంలో తప్పు వేరే, ఇది వేరే. నన్ను క్షమించమని ఈమెను అడగతన్నా” అని చేతులు జోడించాడు. పిల్లలకు ఎటు చూడాలో తెలియలేదు.

తర్వాత పుస్తకం ఆమె చేతికిచ్చాడు. ఏడేళ్ళుగా ఇంగ్లీషు ముక్క కంటబడని మనిషి. రెండు మూడు మాటల దగ్గర ఆగింది. ఒకచోట వేలు పెట్టి కూడబలుక్కుంది. కాని హల్లులు మాత్రం ఎక్కడా తొణకలేదు. ‘హెల్ప్ట్’, ‘స్ట్రెంగ్త్’, ‘ఆస్క్ట్’. మాస్టారు ఆమె వెనకే ఒక్కో మాటా పలికాడు. ఆయన వెనక పిల్లలు. ఒక మాట దగ్గర ఆయనకు మళ్ళీ తోక వచ్చింది. నాగులమ్మ పుస్తకం మీంచి తలెత్తి, “చివర గాలి వదలబాకండి సార్” అంది. ఆయన సరిగ్గా అన్నాడు.

నేను వసారాలో ఆమెను ఆపి, “నేనూ నవ్వినా నాగులమ్మా” అన్నాను. “తెలుసులే” అని గంప ఎత్తుకుంది. నేను ఇంకేదో ఆశించాను. అది నాకు దక్కలేదు.

ఆ ఏడాదంతా సంత జరిగే గురువారాల్లో ఆమె వచ్చి ఒక అరగంట చదివేది. వానాకాలంలో వచ్చేది కాదు. పిల్లలు ఆమెను ‘అక్కా’ అనేవాళ్ళు. ఆమె చదివినంతసేపూ మాస్టారు పిల్లలతో పాటు బెంచీ చివర కూర్చునేవాడు. ప్రైవేటుగా ఎస్సెల్సీ కట్టమని ఆయన పట్టుబట్టాడు. పుస్తకాలు తెచ్చి ఇచ్చాడు. ఆమె ఒకసారి కట్టింది. ఇంగ్లీషులో మా బడి పిల్లలెవరికీ రానన్ని మార్కులు వచ్చాయి. లెక్కల్లో పోయింది. రెండోసారి కట్టమని మాస్టారు వెంటపడ్డాడు. అప్పటికి ఆమెకు రెండో కాన్పు. నరసయ్య తెప్ప విరిగిపోయి, ఇల్లు గడవడం ఆమె గంప మీదే ఉంది.

“మీ మనసు కుదుటపడేదానికి నేను పరీక్ష రాయాల్నా సార్?” అని అడిగింది ఒక గురువారం. గొంతులో కోపం లేదు.

మాస్టారు, “లేదమ్మా. నీకు కావాలంటేనే” అన్నాడు. మళ్ళీ ఆ ప్రస్తావన ఎత్తలేదు. ఆ రోజు బడి వదిలాక ఆయన చాలాసేపు ఖాళీ తరగతిలోనే కూర్చుని ఉన్నాడు. నేను పలకరించకుండా వచ్చేశాను. ఆయన చేయగలిగింది చేశాడు. ఆమె పోగొట్టుకున్న ఏడేళ్ళు మాత్రం ఆయన చేతిలో లేవు.

చెంచురామయ్య గారు అరవై ఎనిమిదిలో రిటైరయ్యారు. సొంత ఊరు వెళ్ళలేదు, మా ఊళ్ళోనే ఉండిపోయారు. మరుసటి ఏడాది చలికాలంలో, పొద్దున స్నానం చేసి వస్తూ గుండె పట్టుకుని కూలిపోయారు. పాళెం వాళ్ళకు కబురు మూడో నాటికి గాని అందలేదు. నాగులమ్మ, అంకాలమ్మ కలిసి వచ్చారు. నేను వాళ్ళకు ఎదురెళ్ళాను. వాకిట్లోనే నిలబడితే, మాస్టారి భార్య ప్రమీలమ్మ గారు తనే లేచి వచ్చి లోపలికి తీసుకెళ్ళి చాప వేసింది.

“మీ పాళెం వచ్చిన రోజు ఆయన అన్నం తినలేదు. ఏం జరిగిందని అడిగితే చెప్పలేదు. నువ్వు చెబుతావా?” అని అడిగింది.

నాగులమ్మ మొదటి నుంచి చెప్పింది. ఏదీ దాచలేదు, చేప ముల్లు మాట కూడా. ప్రమీలమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అంతా అయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళి, మా ముగ్గురికీ అన్నం వడ్డించి, తనూ మా పక్కనే కూర్చుంది.